పండుగ మరునాడు, తోట బంగ్లాలో

బక్రీద్ మరునాడు మధ్యాహ్నం మాకు ఫోను వచ్చింది. "మౌలానా, సాయంత్రం తోటకు దయచేయండి. పిల్లలందరూ వచ్చి ఉన్నారు. బంధుత్వం గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి" అని ఆ ఇంటి పెద్ద కుమారుడు కోరాడు. ముప్పై ఏళ్లుగా మదర్సాలో పాఠాలు చెబుతున్న మాకు ఇటువంటి పిలుపులు కొత్త కావు. నాలుగు మంచి మాటలకని పిలిచిన చోట అయిదో మాట ఒకటి ఉంటుంది. అది భోజనాలు ముగిసిన తర్వాత గాని బయటికి రాదు.

ఆ కుటుంబం అంగీకారంతోనే ఇది రాస్తున్నాము. ఎవరో గుర్తుపట్టేందుకు వీలైన వివరాలు విడిచిపెట్టాము. అయినా చదివేవారిలో కొందరు ఇది తమ ఇంటి సంగతేనని అనుకోవచ్చు. అలా అనుకుంటే అనుకోనివ్వండి.

పెనుకొండకు సమీపంలో, బెంగళూరు రహదారికి కొంత లోపలగా ఉన్నది ఆ తోట. పెనుకొండ ఒకప్పుడు విజయనగర రాజులకు వేసవి విడిది. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తర్వాత వారికి రాజధాని కూడా అయింది. గగన్ మహల్ నేటికీ నిలిచి ఉన్నది. ఎండాకాలం గడపడానికి ధనవంతులు ఈ కొండల వైపు రావడం అన్నది అంత పాతది. ఇప్పటి ధనవంతులు బెంగళూరు నుండి కార్లలో వస్తారు. ఈ ఇంటి పెద్దాయన వేరుశనగ మిల్లు నడిపిన మనిషి. వానలు లేక రైతులు పొలాలు తెగనమ్ముకున్న కాలంలో రెండెకరాలు, మూడెకరాలుగా కొని 32 ఎకరాలు చేశాడు. కొడుకులు ముగ్గురూ బెంగళూరులో కట్టడాల వ్యాపారంలో స్థిరపడిన తర్వాత తోటలో రెండంతస్తుల బంగ్లా లేచింది. రెండు ఈద్‌లకూ, వేసవి సెలవులకూ అందరూ అక్కడే కలిసేవారు. రెండేళ్ల క్రితం పెద్దాయన అల్లాహ్ సన్నిధికి చేరాడు.

మేము వెళ్లేసరికి ఆవరణలో ఏడు కార్లు ఉన్నాయి. పిల్లలు ఈతకొలనులో కేకలు వేస్తున్నారు. ఆ నీరు ట్యాంకరుతో తెప్పించినది. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటైన ఈ నేలలో, గేటు దగ్గర కాపలా మనిషి బిందెలతో అదే ట్యాంకరు అడుగున మిగిలిన నీటిని పట్టుకుంటున్నాడు. అతడు పరాయివాడు కాడు, పెద్దాయన పినతండ్రి మనుమడు. భార్య కువైట్‌లో ఒక ఇంట్లో పనిమనిషిగా ఉన్నది. కదిరి వైపు నుండీ కడప వైపు నుండీ అలా వెళ్లిన స్త్రీలు ఎందరో ఉన్నారు.

లోపల అంతా మర్యాదగానే ఉన్నది. మర్యాద మరీ ఎక్కువగా ఉన్నది. అన్నదమ్ములు ముగ్గురూ మా చుట్టూ కూర్చున్నారు. పెద్దల్లుడు వరండాలో ఒంటరిగా ఫోను చూసుకుంటున్నాడు. చిన్నల్లుడు రాలేదు, 'పని ఉన్నది' అన్నారు. అక్కచెల్లెళ్లిద్దరూ వంటింట్లోనే ఉండిపోయారు. ఖుర్బానీ మాంసం, బిర్యానీ, ఖుబానీ కా మీఠా అన్నీ వచ్చాయి. ఎవరూ మనసారా తినలేదు. చేతులు కడుక్కున్న తర్వాత రెండవ కుమారుడు ఒక కవరు తీసి మా ముందు పెట్టాడు. అందులో హక్కు విడుదల పత్రం ఉన్నది. చెల్లెళ్లిద్దరూ తమ వాటాను అన్నలకు సంతోషపూర్వకంగా వదులుకుంటున్నట్లు టైపు చేయించారు. సంతకాలే మిగిలాయి. పెద్ద చెల్లెలు చేస్తానన్నది. చిన్నామె ఔననలేదు, కాదనలేదు. మేము బంధుత్వం గురించి ఉపన్యసించి ఆ మౌనాన్ని కరిగించాలన్నది వారి కోరిక.

ఇది ఎందుకు ఇప్పుడు వచ్చిందంటే దానికి కారణం ఉన్నది. 2017లో పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారానికి 500 ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. 2019 నాటికి కార్లు తయారై బయటికి వచ్చాయి. దానితో చుట్టుపక్కల నేలకు విలువ పెరిగింది. వేరుశనగ పండని చేను చెల్లెలి వాటాగా ఎవరికీ గుర్తు రాదు. ధర వచ్చిన తర్వాతే పత్రాలు టైపవుతాయి.

మేము ఉపన్యాసం చెప్పలేదు. కాగితం, పెన్సిలు అడిగాము. "అమ్మగారి మహర్ చెల్లించారా?" అని మొదట అడిగాము.

గదిలో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. తెర వెనుక నుండి ఆ వృద్ధురాలి గొంతు వినవచ్చింది: "జనాజా లేచే ముందు మాఫ్ చేశానని చెప్పమన్నారు. చెప్పాను."

మన ఇళ్లలో ఇదొక ఆచారమై కూర్చున్నది. భర్త శవం ముందు, ఊరి ఆడవారంతా చుట్టూ చేరి, ఏడుస్తున్న స్త్రీని మహర్ మాఫీ చేశావా అని అడగడం! ఆ క్షణాన కాదనగల స్త్రీ ఉంటుందా? మహర్ అన్నది భర్త మీద భార్యకు ఉన్న అప్పు. కఫన్-దఫన్ ఖర్చుల తర్వాత మృతుని ఆస్తి నుండి మొట్టమొదట తీరవలసింది అప్పులే. వాటి తర్వాత వసీయత్, అది కూడా మూడో వంతుకు మించకుండా. ఆ తర్వాతే వారసుల పంపకం. ఆ రోజు ఆమె నోటి నుండి వచ్చిన మాటకూ, నేడు చెల్లెళ్ల చేత చేయించబోయే సంతకానికీ తేడా ఏమిటని అడిగాము. జవాబు రాలేదు. ఆమె మహర్ నాటి లెక్కలో పదకొండు వందల రూపాయలు. మూడవ కుమారుడు, అతడే అందరిలో చిన్నవాడు, లేచి వెళ్లి తల్లి చేతిలో డబ్బు పెట్టి వచ్చాడు. అతడు ఎంత ఇచ్చాడో మేము అడగలేదు.

తర్వాత లెక్క వేశాము. సంతానం ఉన్నది కనుక భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినది పిల్లలకు, కుమార్తెకు ఒక భాగమైతే కుమారునికి రెండు. ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. ఆస్తిని 64 భాగాలు చేస్తే తల్లికి 8, ఒక్కొక్క కుమారునికి 14, ఒక్కొక్క కుమార్తెకు 7. భూమి 32 ఎకరాలు కనుక భాగానికి అరెకరం. తల్లికి 4 ఎకరాలు, కొడుకులకు ఏడేసి, కూతుళ్లకు మూడున్నరేసి. దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరాలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన ఈ భాగాలను మన మదర్సాల్లో 'సిరాజీ' అనే గ్రంథం ద్వారా బోధిస్తాము.

పెద్ద కుమారుడు నెమ్మదిగా అన్నాడు: "మౌలానా, వాళ్ల పెళ్లిళ్లకు మేము చేసిన ఖర్చు వాళ్ల వాటా కంటే ఎక్కువే."

పెళ్లి ఖర్చు తండ్రి బతికుండగా ఇష్టంగా చేసినది. వారసత్వం అన్నది ఆయన కన్నుమూసిన క్షణాన పుట్టిన హక్కు. పుట్టని హక్కును ముందుగా తీర్చడం ఎలా సాధ్యం? మీ పెళ్లి వలీమాల ఖర్చు మీ వాటాలో తగ్గించాలా అని అడిగితే అతడు నవ్వాడు. ఆ సాయంత్రం అక్కడ వినిపించిన మొదటి నవ్వు అది.

రెండవ కుమారుడు వకీలును సంప్రదించి వచ్చినవాడు. వ్యవసాయ భూమికి షరీఅత్ చట్టం వర్తించదు కదా అన్నాడు. ఇది సగం తెలిసిన మాట. 1937 నాటి ముస్లిం పర్సనల్ లా షరీఅత్ చట్టం వ్యవసాయ భూములను మినహాయించిన మాట నిజమే. కాని 1949లో మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపును సవరణతో తొలగించింది. అనంతపురం అప్పుడు మద్రాసులోనే ఉన్నది. ఆ మాట చెప్పాక అతడు కవరును ఒళ్లోకి తీసుకున్నాడు.

బంగ్లా సంగతి మాత్రం నిజంగా చిక్కైనది. దానికి సగానికి పైగా పెద్దవాడే డబ్బు పంపాడట. ఎప్పుడు, ఎంత, ఏ పేరున అంటే కాగితం ముక్క లేదు. షరీఅత్‌లో ఉమ్మడి కుటుంబపు ఆస్తి అనేది లేదు. ఎవరి సంపాదన వారిది. కొడుకు తండ్రికి షరతు ఏదీ లేకుండా ఇచ్చినది కానుక అవుతుంది, అప్పని రుజువైతే అప్పు అవుతుంది. అప్పు ఇచ్చినప్పుడు రాసుకోవాలని ఆదేశించిన ఆయత్, అల్ బఖరా 282, ఖుర్ఆన్‌లోనే అతి పొడవైనది. తండ్రీకొడుకుల మధ్య రాత ఎందుకని మనం సిగ్గుపడతాము. ఆ సిగ్గు ఈ రోజు ఒక అన్నను తన చెల్లెలి ముందు అబద్ధీకుడిగా నిలబెట్టింది. అతడు అబద్ధం ఆడలేదని మా నమ్మకం. ఆ సంగతి మాత్రం అక్కడ తేలలేదు.

అప్పుడు మేము మా సంగతి ఒకటి చెప్పవలసి వచ్చింది. సిరాజీ పాఠం చెబుతూ ఉన్న ఏళ్లలోనే మా మేనత్తకు మా తండ్రిగారి ఇంటి నుండి రావలసిన వాటా రాలేదు. ఆమె అడగలేదు. 'ఆమెకు అవసరం లేదు' అని మేము కూడా అనుకున్నాము. ఆమె పోయిన తర్వాత లెక్క కట్టి ఆమె పిల్లలకు ఇచ్చాము. ఆమె చేతికి ఇవ్వలేదు. ఇది చెబుతున్నప్పుడు వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఉహుద్‌లో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులైన తర్వాత ఆయన సోదరుడు ఆస్తినంతా స్వాధీనం చేసుకున్నాడు. ఆయన భార్య తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి మొరపెట్టుకున్నది. వారసత్వపు ఆయత్ అవతరించింది. కూతుళ్లకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు, మిగిలితే నీకు అని ఆ సోదరునికి కబురు వెళ్లింది. ఆ తల్లిని 'ఇంటి గుట్టు బయటపెట్టావు' అని ఎవరూ నిందించినట్లు మేము ఎక్కడా చదవలేదు.

పంచకుండా నాన్చితే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాదు చాలు. 1948 సెప్టెంబరులో లండను బ్యాంకులో నిజాం ప్రభుత్వం ఖాతా నుండి మరో ఖాతాకు మారిన పది లక్షల పౌండ్ల మీద దేశాలూ, యువరాజులూ వాదులాడుకున్నారు. 2019 అక్టోబరు 2న తీర్పు వచ్చేసరికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఏడవ నిజాం 1967లోనే పోయారు. నూరుకు పైబడిన వారసులు తమ వాటా ఏదని ముందుకు వచ్చారు.

చిన్నామె ఆ రోజు ఒకే ఒక్క మాట పంపింది, తన కూతురి చేత: "మూడున్నర ఎకరాలు సరే, నీళ్లు ఏ వైపు ఉన్నాయి?"

అనంతపురం ఆడపడుచు అడగవలసిన ప్రశ్న! ఏడు బోర్లు వేయించగా రెండింటిలోనే నీరు. ఆ రెండూ బంగ్లా వైపే. ఇక్కడ ఎకరానికీ ఎకరానికీ సాటి లేదు. అందుకే పంపకం విస్తీర్ణాన్ని బట్టి గాక విలువను బట్టి జరగాలి. నీటిని మాత్రం వంతులు వేసుకోవాలి. హజ్రత్ సాలిహ్ (అలై) జాతి వారికి ఒక ఒంటె విషయంలో నీటి వంతులు నిర్ణయమైన సంగతి ఖుర్ఆన్‌లో ఉన్నది. మన చెరువుల కింద నీరుగంట్లు చేసిన పని కూడా అదే, ఏ మడికి ఎంతసేపు పారాలన్నది వారి నోటి లెక్క. ఆ రాత్రి ఇషా వరకు అన్నదమ్ములు తోట పటం గీసి బోర్ల దగ్గర ఆగి ఆగి మాట్లాడుకున్నారు. అల్లుడు వరండా నుండి లోపలికి వచ్చాడు.

కాపలా మనిషి టీ తెచ్చి ఇస్తున్నాడు. పంపకం జరిగేటప్పుడు వాటా లేని బంధువులు, అనాథలు, పేదలు అక్కడికి వస్తే వారికి కూడా కొంత ఇచ్చి, మంచిగా మాట్లాడమని అన్నిసా ఎనిమిదో ఆయత్ చెబుతున్నది. మేము అది గుర్తు చేస్తే పెద్ద కుమారుడు కప్పు పట్టుకొని కొంతసేపు ఊరకున్నాడు. తర్వాత అతడు నివసించే రెండు గదులూ, వాటి వెనుక దొడ్డీ అతని పేర రాయించే మాట తల్లి ఎత్తింది. తన నాలుగెకరాల్లో నుండి.

రంజాను ఈద్‌కు మళ్లీ వెళ్లాము. రెండవ కుమారుడు రాలేదు. బంగ్లా విలువ కట్టిన తీరు అతనికి నచ్చలేదు. పెద్ద చెల్లెలు తన వాటాను నాటి బజారు ధరకు పెద్దన్నకే ఇచ్చి డబ్బు తీసుకున్నది. ఈతకొలను ఎండిపోయి ఉన్నది. చిన్నామె తన మూడున్నర ఎకరాల్లో చీనీ మొక్కలు నాటించింది. మంగళవారం, శుక్రవారం నీరు ఆమె వంతు. ముందటి శుక్రవారం కరెంటు లేక మోటారు ఆడలేదట. తన వంతు శనివారానికి జరపమని అన్నకు ఫోను చేసిందట. పెళ్లయిన ఇరవై ఏళ్లలో పుట్టింటి నుండి ఆమె ఏదైనా అడగడం అదే మొదటిసారి అని తల్లి మాకు చెప్పింది. శనివారం నీళ్లు పారాయి.