స్నానాల గది తలుపు ఎటు తెరుచుకొనవలెను?

ఇల్లు కట్టించునప్పుడు గది ఎన్ని అడుగులు, కిటికీలు ఎన్ని, అటక ఎక్కడ అని మనము మేస్త్రీని పదిసార్లు అడుగుదుము. తలుపు ఏ వైపునకు తెరుచుకొనవలెనో మాత్రము ఆయనకే విడిచిపెట్టుదుము. ఆయన అలవాటు చొప్పున అన్ని తలుపులను గది లోపలికే తెరుచుకొనునట్లు పెట్టించును. వాకిలికి, పడకగదికి అది బాగుగనే ఉండును. రెక్క లోపలికి పోయి గోడకు ఆనుకొనును గనుక వసారాలో నడిచేవారికి అడ్డు రాదు. అయితే స్నానాల గదికి, మరుగుదొడ్డికి అదే పద్ధతి పెట్టుట మంచిది కాదు. ఇంటిలో ముసలివారున్న యెడల అది ప్రాణము మీదికి వచ్చును.

ఎట్లనగా, డెబ్బది ఏండ్లు దాటిన ఒక తల్లి రాత్రి రెండు గంటలకు మరుగుదొడ్డికి లేచినదనుకొనుడి. నిద్ర మత్తులో చటుక్కున లేచినప్పుడు, చాలాసేపు గొంతుకు కూర్చుండి లేచినప్పుడు, మూత్రము పోసిన వెంటనే కూడా, రక్తపోటు ఒక్కసారిగా తగ్గి కొందరికి కళ్లు తిరుగును. రక్తపోటు మాత్రలు వాడువారికి ఇది మరింత ఎక్కువ. నేల తడిగా ఉన్నది. ఆమె పడిపోయెను. చిన్న గదిలో పడినవారు తరచుగా తలుపు వైపునకే పడుదురు, ఏలయనగా ఉన్న కాస్త ఖాళీ అక్కడనే. చప్పుడు విని కొడుకు పరుగెత్తి వచ్చి తలుపు నెట్టును. గడియ వేసి లేకపోయినను తలుపు కదలదు. తల్లి శరీరమే తలుపునకు అడ్డుపడియున్నది. గట్టిగా నెట్టిన ఆమె విరిగిన తుంటి మీదనే ఆ బలమంతయు పడును. నెట్టకున్న లోపలికి వెళ్లు దారి లేదు.

అదే తలుపు బయటికి తెరుచుకొనునదైతే ఒక్క లాగులో పని అయిపోవును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెలిపిన అంచనా ప్రకారము లోకమంతటిలో ఏటా సుమారు 6,84,000 మంది జారిపడుట, క్రిందపడుట వలన మరణించుచున్నారు. వారిలో అరువది దాటినవారే ఎక్కువ. మన దేశములో కేంద్ర ప్రభుత్వము 2021లో వెలువరించిన సౌలభ్య మార్గదర్శకములు కూడ వికలాంగులు వాడు మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకొనవలెను, లేదా ప్రక్కకు జరుగునదై ఉండవలెను అని చెప్పుచున్నవి. అవి ప్రజలు వచ్చిపోవు భవనముల కొరకు వ్రాసినవి. మన ఇంటిలోని నాయనమ్మ కాళ్లు మాత్రము ఆ భవనములలోని వారి కాళ్ల కంటె బలమైనవా?

గది ఇరుకును గూర్చి కూడ ఒక లెక్క చూడుడి. పల్లెలలో కట్టుకొనిన అనేక మరుగుదొడ్లు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండును. అనగా 12 చదరపు అడుగులు. రెండున్నర అడుగుల తలుపు లోపలికి తిరుగుటకు దాదాపు 5 చదరపు అడుగులు కావలెను. నేలలో ఐదు పాళ్లు తలుపు తిరుగుటకే పోయిన తరువాత, కర్ర పట్టుకొని నడుచు మనిషి ఎక్కడ నిలువబడును, ఎట్లు తిరుగును?

ఇంత చిన్న సంగతిని పత్రికలో వ్రాయనేల అని కొందరనుకొనవచ్చును. క్రొత్త ఇల్లు కట్టువాడు ఎవరును పడిపోకుండునట్లు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములోనే ఉన్నది గదా.

ఇక పని సంగతి. తలుపును విప్పి బందులు అటు మార్చి బిగించిన చాలునని చాలమంది అనుకొందురు. అట్లు కాదు. గుమ్మము కమ్ములలో రెక్క కూర్చొనుటకు లోపలి వైపున ఒక గాడి చెక్కియుండును. రెక్క ఆ గాడికి సరిపడునంత వెడల్పుగా ఉండును గనుక బయటి వైపునకు తెచ్చిన పట్టదు, ప్రక్కకు అర అంగుళము చొప్పున ఎక్కువగును. కాబట్టి వడ్రంగి రెండు పనులలో ఏదో ఒకటి చేయవలెను.

మొదటిది, కమ్మికి బయటి వైపున కూడ గాడి తీయుట. కమ్మి నాలుగంగుళములదై, రెక్క ఒకటింబావు అంగుళము మందము ఉన్న యెడల, రెండు వైపుల గాడి తీసినను నడుమ అంగుళమున్నర చెక్క మిగులును. రెక్క ఆనుకొనుటకు అది చాలును. గోడలో నిలిచియున్న గుమ్మమునకు ఉలితో గాడి తీయుట శ్రమ గల పని. అంచున సున్నము పెచ్చులూడును. కమ్మి సన్నదైతే దీనికి పూనుకొనవద్దు.

రెండవది తేలిక. రెక్కను రెండు ప్రక్కల, పైన అర అంగుళము చొప్పున చిత్రిక పట్టి గుమ్మములో ఇముడునట్లు చేసి, దాని వెనుక కమ్ములకు చెక్క పట్టీలు కొట్టుదురు. రెక్క ఆ పట్టీలకు వచ్చి ఆనును. పలకల తలుపునకు ఇది చక్కగా సరిపోవును. ఒంటి పలకగా కనిపించు ఫ్లష్ డోరుకైతే అంచు చెక్క పోయి లోపలి కూర్పు బయటపడును. తడి తగలకుండ మరల అంచు అతికింపవలెను. ప్లాస్టిక్ తలుపులు లోపల గుల్ల గనుక వాటిని చిత్రిక పట్టరాదు. అయితే వాటి గుమ్మము గోడకు మరలతో బిగించియుండును గనుక, మొత్తము ఊడదీసి త్రిప్పి బిగించిన సరిపోవును.

ఇక్కడ ఒక చిన్న సదుపాయము కలదు. మొదటి పద్ధతిలో రెక్కను లోపలి ముఖము బయటికి వచ్చునట్లు త్రిప్పి పెట్టిన యెడల, రెక్కకున్న పాత బందుల గాళ్లే పనికివచ్చును. అయితే ఎడమ కమ్మికి ఉన్న బందులు కుడి కమ్మికి మారును. తడికి రేకు కొట్టిన తలుపైతే ఆ రేకు బయటి వైపునకు పోవును గనుక అప్పుడు త్రిప్పకుండుటయే మేలు. పాత మర రంధ్రములలో వెదురు చీలలు జిగురుతో దిగగొట్టి, ఆరిన తరువాతనే క్రొత్త మరలు బిగింపవలెను. వానకాలములో చెక్క ఉబ్బును. వేసవిలో చేయించువారు ప్రక్కలకు కొంచెము సందు ఎక్కువ విడువుడి.

తలుపు త్రిప్పి గడియను మరచిన సగము పనియే చేసినట్లు. లోపల గడియ వేసికొని పడిపోయిన వారిని చేరుట ఎట్లు? బయట నుండి నాణెముతో గాని స్క్రూడ్రైవరుతో గాని త్రిప్పగల గడియలు హార్డ్‌వేరు దుకాణములలో దొరుకును. అది వద్దనుకొనిన, ముసలివారు గడియ వేయకుండ వెళ్లునట్లును, తలుపు వేసియున్నప్పుడు ఇతరులు పిలిచి అడుగునట్లును ఇంటిలో అలవాటు చేయుడి. మరియొక లాభము కూడ ఉన్నది. బయటికి తెరుచుకొను తలుపునకు బందుల కీలు బయటనే కనబడును. మరీ అవసరమైన వేళ హ్యాక్‌సా బ్లేడుతో ఆ కీళ్లు కోసి రెక్కను ఊడదీయవచ్చును. లోపలికి తెరుచుకొను తలుపునకు అవి చేతికి అందవు. బయటి గొళ్లెము మాత్రము పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచుడి.

అన్ని ఇండ్లలో ఇది కుదరదు. బయట మెట్లున్నను, పొయ్యి ఉన్నను, మంచము వేసినను, తెరిచిన రెక్క ఎవరికో తగులును. అట్టి చోట ప్రక్కకు జరుగు తలుపు గాని, ముడుచుకొను ప్లాస్టిక్ తలుపు గాని పెట్టించుడి. పెరటిలో విడిగా ఉన్న దొడ్డికి గాలి తగిలి రెక్క కొట్టుకొనకుండ గోడకు కొక్కెము కావలెను. రెక్క మీది నీరు బయట కారకుండ అడుగున సన్నని పట్టీ కొట్టించిన మంచిది.

తలుపు మార్చకముందే ఎవరైనను పడిన యెడల, భుజముతో గుద్దవద్దు. పేరు పెట్టి పిలువుడి. మాట పలికిన యెడల మెల్లగా ప్రక్కకు జరుగుమని చెప్పుడి. లేనిచో రెక్క క్రింది పలకను ఊడగొట్టి చేయి పెట్టవచ్చును. బయటికి చేర్చిన తరువాత తుంటి నొప్పి ఉన్నను, ఒక కాలు పొట్టిగా ప్రక్కకు తిరిగియున్నను నిలువబెట్టవద్దు. పరుండబెట్టి 108కు ఫోను చేయుడి.

తలుపు మార్చిన రోజుననే గోడకు ఒక ఇనుప పిడి కూడ బిగింపించుడి. ముసలివారు ఇన్నాళ్లు లేచునప్పుడు తలుపు మీద చేయి వేసి, దాని మీదనే బరువు మోపియుందురు. లోపలికి తెరుచుకొను తలుపు ఆ బరువునకు గుమ్మమునకు ఆని నిలిచెను. ఇప్పుడు గడియ లేని తలుపు బయటికి తొలగిపోవును. పిడిని కూర్చున్నవారి చేతికి అందు ఎత్తులో, ఇటుకలోనికి దిగు మరలతో బిగింపవలెను. పూత సున్నములో మాత్రమే దిగిన మర ఆగదు. బిగించిన తరువాత ఇంటి పెద్దవాడు దానికి వ్రేలాడి చూడవలెను. ఆ సాయంకాలమే, వెలుగు ఉండగానే, అమ్మను అక్కడికి తీసికొని వెళ్లి, బయట నుండి లాగుట, లోపల నుండి నెట్టుట, పిడి పట్టుకొని లేచుట రెండు మూడు మారులు చేయించుడి. మొదటి వారము రాత్రులు అక్కడ దీపము వెలుగుచుండనియ్యుడి.