మీకు తెలుసా? ఈ అడవి వాగు ఒకప్పుడు ఇంట్లో దీపాలు వెలిగించింది!

ఉత్తర ఇంగ్లండ్‌లో నార్తంబర్లాండ్‌లోని రోత్‌బరీ ఊరి దగ్గర క్రాగ్‌సైడ్ ఎస్టేటు ఉంది. అక్కడి పైన్, ఫర్ చెట్ల ఎత్తు చూస్తే అనాదిగా ఉన్న అడవే అనిపిస్తుంది. నిజానికి 1863లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజినీరు ఇల్లు మొదలుపెట్టేనాటికి అది రాళ్లు తేలిన బోడికొండ. లక్షల మొక్కలు నాటించి, వాగులకు కట్టలు వేసి చెరువులు నింపించాడాయన.

పిల్లలతో వెళ్తే ఇంటి కింద లోయలోకి దిగండి. డెబ్డన్ వాగు, పైన ఉక్కు వంతెన, అంతా కొద్ది దూరమే. 1878లో ఈ నీళ్లే డైనమో తిప్పి ఇంట్లో ఆర్క్ దీపం వెలిగించాయి. 1880లో ఆర్మ్‌స్ట్రాంగ్ మిత్రుడు జోసెఫ్ స్వాన్ చేసిన బల్బులు వచ్చాయి. లైబ్రరీలో వాటిని రాగిమీద మీనాపని చేసిన కూజాలపై అమర్చారు. కూజా అడుగున చిన్న గిన్నెలో పాదరసం, అందులో మునిగే తీగ. దీపం ఆర్పాలంటే కూజాను ఎత్తేయడమే! ఈ ఒక్కటి చూడటానికైనా ఇంట్లోకి వెళ్లి తీరాలి.

చెవుల మీద కుచ్చులున్న ఎర్ర ఉడుతలు కూడా ఇక్కడ కనిపించవచ్చు. అమెరికా నుంచి తెచ్చిన బూడిదరంగు ఉడుతలు, అవి మోసుకొచ్చే వైరస్ వల్ల ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఇవి కనుమరుగయ్యాయి. పిల్లలకు రోడోడెండ్రాన్ పొదల మధ్య నెల్లీస్ లాబిరింత్ అనే చిక్కుదారీ ఉంది. 1977 నుంచి ఎస్టేటు నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. 2014లో టంబుల్టన్ చెరువు దగ్గర పెద్ద మరచుట్ల టర్బైన్ పెట్టి, మళ్లీ నీటితోనే కరెంటు తీయడం మొదలుపెట్టారు.