ఉప్పునీటిలో నానో ఇనుము

మన తీరమున ఉప్పుగాలికి ఇనుప సామానులు ఎంత త్వరగా తుప్పు పట్టునో మీకు తెలిసినదే. ఆ గుణమునే వినియోగించి భూగర్భ జలమును శుద్ధి చేయు పద్ధతి యొకటి ఉన్నది. వెంట్రుక మందములో సుమారు వెయ్యవ వంతు ఉండు ఇనుప రజనును నీటితో కలిపి భూమిలోనికి పంపుదురు. అది తుప్పు పట్టుచు, విషపూరితమైన క్రోమియమును హాని తక్కువ గల రూపమునకు మార్చును. 2000లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక కర్మాగారపు స్థలమున దీనిని పరీక్షించిరి.

ఇందుకూరుపేట, ముత్తుకూరు వంటి చోట్ల ఉప్పునీటిలో ఈ రేణువులు ఒకదాని నొకటి అంటుకొని, ఉండలు కట్టి అడుగుకు దిగును. ఎక్కువ దూరము పోజాలవు. పూత పూసినచో దూరము పోవును గాని, మనము కోరని చోటికిని చేరవచ్చును. తాజా రజను నేలలోని మేలుచేయు సూక్ష్మజీవులను సైతము చంపగలదు. తుప్పు పట్టి పాతబడిన కొలది ఆ విషము తగ్గును.

రొయ్యల చెరువులున్నవారు మరింత జాగ్రత్త పడవలెను. ఇనుము తుప్పు పట్టునపుడు నీటిలోని ఆమ్లజనిని హరించును. తెల్లవారుజామున అది అసలే తక్కువ గదా! పైగా ఆ తుప్పు రొయ్యల మొప్పలకు పట్టును. ఎవరైన నానో పొడి తెచ్చి, నీరు శుద్ధియగునని చెప్పినచో వెంటనే చల్లకుడు. ముందు నీటిని పరీక్షకు పంపుడు. ఉప్పదనమే మీ బాధ అయినచో, ఈ రజను దానిని తగ్గించదు.