2,029 విజయాలు, ఒక్క కప్పూ లేదు



ఫలితాలు వచ్చాక పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "క్లాస్ ఫస్ట్ ఎవరు మేడమ్?" ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు ఒక అమెరికన్ బేస్‌బాల్ కోచ్ గుర్తొస్తారు. పేరు మైక్ మార్టిన్.

అమెరికాలో బేస్‌బాల్‌కు అన్నిటికన్నా పై మెట్టు మేజర్ లీగ్. అందులో ఉన్నవి 30 జట్లే. వాటి కింద మైనర్ లీగ్ జట్లుంటాయి. మన రంజీ ఆటగాళ్లు ఇండియా టీమ్ పిలుపు కోసం చూసినట్టే, అక్కడి కుర్రాళ్లు పైనుంచి పిలుపు కోసం చూస్తారు. ఎక్కువమందికి అది రాదు. 1944లో పుట్టిన మార్టిన్‌కూ రాలేదు. మైనర్ లీగ్‌లో కొన్నేళ్లు ఆడి, ఆట వదిలేశారు.

తర్వాత తాను చదివిన ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకే తిరిగి వచ్చారు. మొదట అసిస్టెంట్ కోచ్‌గా చేసి, 1980 సీజన్‌కు హెడ్ కోచ్ అయ్యారు. 2019 వరకు 40 సీజన్లలో ఆయన జట్టు 2,029 మ్యాచ్‌లు గెలిచింది. అమెరికా కాలేజీ బేస్‌బాల్ పై డివిజన్‌లో అప్పటికి ఇన్ని గెలిచిన కోచ్ మరొకరు లేరు. ఏ సీజన్‌లోనూ 40 విజయాలకు తగ్గలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కాలేజీ జట్టులో ఏ కుర్రాడైనా మూడు నాలుగేళ్లే ఉంటాడు. అంటే కోచ్ ప్రతిసారీ కొత్తవాళ్లతో మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టాలి. ఒక స్టార్ మీద ఆధారపడితే 40 ఏళ్లు నడవదు.

అలా వచ్చినవాళ్లలో బస్టర్ పోసీ ఒకడు. షార్ట్‌స్టాప్‌గా చేరాడు. అంటే ఫీల్డర్. 2007లో అతన్ని క్యాచర్‌గా మార్చారు. అది మన వికెట్‌కీపర్ లాంటి స్థానం. ఆ స్థానంలోనే పోసీ తర్వాత మేజర్ లీగ్‌కు వెళ్లి, శాన్ ఫ్రాన్సిస్కో జట్టుతో 2010, 2012, 2014లో ఛాంపియన్ అయ్యాడు.

మరి మార్టిన్? ఏటా ఎనిమిది జట్లు పోటీపడే కాలేజీ వరల్డ్ సిరీస్‌కు తన జట్టును 17 సార్లు తీసుకెళ్లారు. 1986లో, 1999లో ఫైనల్లో ఓడిపోయారు. ఒక్కసారీ కప్పు రాలేదు. 2024లో కన్నుమూశారు. యూనివర్సిటీ తన మైదానానికి 2005లోనే ఆయన పేరు పెట్టింది, కప్పు కోసం ఆగలేదు.

కప్పు ముఖ్యం కాదని నేను అనను. గెలవాలనే కదా 17 సార్లు వెళ్లారు! నేనూ అనుకున్న సీటు రాక బీఈడీలో చేరినదాన్నే. ఆ బాధ నాకు తెలుసు. కానీ క్లాసులో ఫస్ట్ ఒక్కరే వస్తారు. మిగతా పిల్లలందరూ ఆ రోజు తలవంచుకుని ఇంటికి వెళ్లాలా?

వచ్చే మీటింగ్‌లో నన్ను రెండు ప్రశ్నలు అడగండి. "పోయిన టర్మ్‌లో రానిది, మా పాపకు ఇప్పుడు ఏం వచ్చింది?" "మా బాబు ఏ స్థానంలో బాగా ఆడతాడు?" వీటికి జవాబు ప్రతి బిడ్డ గురించీ నా దగ్గర ఉండాలి. లేకపోతే ఆ తప్పు నాది, మీ బిడ్డది కాదు.