కొడుకు ఊపిరిలో రాతిదుమ్ము

కర్ణాటక సరిహద్దున ఉన్న మడకశిర ప్రాంతంలో ముప్పై ఏళ్ల కొడుకు దగ్గుతో, ఆయాసంతో ఆసుపత్రి మెట్లెక్కితే ఇంటివాళ్ల చెవిన ముందుగా పడే మాట టీబీ. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగాన మచ్చలుంటాయి. మనిషి బక్కచిక్కి ఉంటాడు. క్షయ మన దేశంలో ఇప్పటికీ విస్తారంగా ఉన్న జబ్బు కాబట్టి ఆ అనుమానం సహజమే. కళ్లె పరీక్షలో క్రిమి దొరకకపోయినా, ఆరు నెలలు మాత్రలు మింగినా మచ్చలు చెక్కుచెదరకపోయినా, "ఇతను ఏం పని చేసేవాడు?" అని ఎవరూ అడగకుండా ఏళ్లు గడిచిపోవడమే అసలు నష్టం. ఆ ప్రశ్నకు జవాబు డాక్టరు దగ్గర ఉండదు, యంత్రం దగ్గర ఉండదు. కొడుకు ఏ వయసులో బడి మానేశాడో, ఏ మేస్త్రీ వెంట ఏ క్వారీకి వెళ్లాడో, ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద ఎంత తెల్లదుమ్ము ఉండేదో తెలిసింది తల్లిదండ్రులకే. ఎదిగిన బిడ్డకు వచ్చిన పెద్ద జబ్బు ముందు తాము నిస్సహాయులమని కుంగిపోయే తల్లిదండ్రులకు ఈ సంగతి ముందుగా చెప్పాలి. రోగనిర్ధారణలో సగభాగం మీ జ్ఞాపకంలోనే ఉంది.

ఆ జబ్బు పేరు సిలికోసిస్.

మడకశిర, రొళ్ల, గుడిబండ, అగళి, అమరాపురం మండలాల నేల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గట్టి శిల. హేమావతిలో నొళంబ రాజుల కాలపు స్తంభాలు, హిందూపురం దగ్గర లేపాక్షిలో ఏకశిలా బసవన్న ఈ సీమలో రాతిపని ఎంత పాతదో చెబుతాయి. గ్రానైటు అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే రాతిలోని లేత రంగు ఖనిజాల్లో ఐదోవంతుకు తగ్గకుండా క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా, ఉంటుంది. వ్యాపారంలో 'నల్ల గ్రానైటు' అనే డోలరైటు రాయిలో అది చాలా తక్కువ. అందుకే రోగి చరిత్ర రాసేటప్పుడు "రాళ్లపని" అని ఊరుకోకూడదు. కోసింది బూడిద రంగు రాయా, ఎర్ర రాయా, నల్ల రాయా అన్నది కూడా రాయాలి.

రాయి రాయిగా ఉన్నంతసేపు ఎవరికీ హాని చేయదు. పొడిగా పెట్టిన డ్రిల్లు, జాక్‌హామర్, కటింగ్ బ్లేడు, క్రషర్ దవడలు దాన్ని కంటికి కనబడనంత సన్నగా నలిపినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల అడుగుదాకా చేరే సిలికా కణం నాలుగైదు మైక్రాన్లకు మించదు. రెండు మైక్రాన్ల కణం గాలి కదలని చోట మనిషి ముక్కు ఎత్తునుంచి నేలకు దిగడానికి గంటకు పైగా పడుతుంది. మిషన్ ఆపేశారు, దుమ్ము అణిగింది అనుకుని కూలీ తువ్వాలు విప్పి సద్దిమూట తెరిచే సమయానికి అసలైన దుమ్ము ఇంకా గాలిలోనే ఉంటుంది. కంటికి కనబడి, ముక్కులో చిక్కి, చీదితే పోయే పెద్ద దుమ్ము కన్నా కనబడనిదే ప్రాణాంతకం.

ఊపిరితిత్తుల చివర 30 కోట్లకు పైగా సన్నటి గాలిగదులు ఉంటాయి. లోపలికి వచ్చిన మలినాన్ని మింగి శుభ్రం చేయడానికి అక్కడ భక్షక కణాలు కాపలా ఉంటాయి. అవి సూక్ష్మక్రిమిని మింగితే జీర్ణం చేసుకోగలవు. సిలికాను మింగితే ఆ భక్షక కణమే చచ్చిపోతుంది. చస్తూ వాపు పుట్టించే రసాయనాలను వదులుతుంది, సిలికా మళ్లీ బయట పడుతుంది, ఇంకో భక్షక కణం వచ్చి దాన్నే మింగుతుంది. ఈ చక్రం తిరిగిన ప్రతిసారీ చుట్టూ మచ్చకణజాలం పేరుకుంటుంది. గుండ్రటి గట్టి బొడిపెలు ఏర్పడి, కొందరిలో అవి కలిసిపోయి పెద్ద గడ్డలవుతాయి. సాగవలసిన ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. దుమ్ముపని మానేసిన తరువాత కూడా జబ్బు ఎందుకు ముదురుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మానేసింది పనినే, లోపల చేరిన సిలికా ఎక్కడికీ పోలేదు. "పని మానేసి నాలుగేళ్లయింది, ఇప్పుడెందుకు వస్తుంది?" అని అడిగే తండ్రికి ఇదే సమాధానం.

సాధారణంగా పదేళ్లకు పైగా దుమ్ము పీల్చినవారికి ఇది నెమ్మదిగా వస్తుంది. దుమ్ము తీవ్రంగా ఉంటే ఐదు నుంచి పదేళ్లలోనే బయటపడుతుంది. మూసివున్న చోట పొడి డ్రిల్లింగు, రాతిపొడి మిల్లులు, ఇసుక ఊదే పనుల వంటి వాటిలో కొన్ని నెలల్లోనే మనిషిని కబళించిన సందర్భాలున్నాయి. ఏర్పడిన మచ్చను కరిగించే మందు ఈనాటికీ లేదు. ఈ వాక్యాన్ని మెత్తబరచి చెప్పడం మేలు చేయదని నా నమ్మకం. "నయం చేస్తాం" అన్న మాట వెంట పొలం అమ్ముకుని వెళ్లిన కుటుంబం చివరికి కొడుకు ఆక్సిజన్‌కు కూడా డబ్బు లేని స్థితికి చేరుతుంది. నయం కాదన్న మాటకు, చేయగలిగిందేమీ లేదన్న మాటకు మధ్య చాలా దూరం ఉంది. కుటుంబం పనిచేయగలిగేది ఆ దూరంలోనే.

మొదటి పని ఒక నోటుపుస్తకంలో కొడుకు పనిచరిత్ర రాయడం. ఈ సీమ యువకుడి పనిదారి ఒకే చోట ఆగదు. ఊరి పక్క క్వారీలో డ్రిల్లింగు హెల్పరుగా మొదలై, తాడిపత్రి పాలిషింగ్ యూనిట్లలో కొన్నాళ్లు, బెంగళూరు దగ్గర జిగనిలో స్లాబులు కోస్తూ కొన్నేళ్లు, మధ్యలో బోరుబండి మీద కొన్ని సీజన్లు గడిచి ఉండవచ్చు. అనంతపురం సీమలో బోరుబండిని ఎవరూ దుమ్ముపనిగా లెక్కలోకి తీసుకోరు. కానీ గాలి ఒత్తిడితో గ్రానైటును పిండి చేసి పైకి చిమ్మే ఆ యంత్రం పక్కన నిలబడ్డవాడు పీల్చేది కూడా అదే సిలికా. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎక్కడ, ఏ యంత్రం, నీళ్లు పోసేవారా లేదా, రోజుకు ఎన్ని గంటలు, పక్కన పనిచేసినవారిలో ఎవరైనా ఇలాగే దగ్గారా అన్నవన్నీ అందులో ఉండాలి. కూలి చీటీ, బ్యాంకు ఎంట్రీ, పాత గుర్తింపు కార్డు, క్వారీలో దిగిన ఫోటో, ఏది దొరికినా దాచాలి. ఛాతీ వైద్యుడి ముందు ఈ పుస్తకం పెడితే ఎక్స్‌రేలోని మచ్చలకు అర్థం వస్తుంది. రేపు పరిహారం అడిగే రోజున సాక్ష్యంగానూ పనికొస్తుంది.

ఈ ప్రాంతంలో పట్టు పరిశ్రమ కూడా ఉంది కనుక ఒక తేడా చెప్పాలి. హిందూపురం, ధర్మవరం వైపు పట్టుగూళ్లు ఉడికించి దారం తీసే పనిలో ఉన్నవారికి ఆయాసం వస్తే అది ఎక్కువగా ఆస్తమా కావచ్చు. దానికి ఇన్‌హేలర్లు బాగా పనిచేస్తాయి. రెండూ ఆయాసాలే అయినా దారులు వేరు.

సిలికోసిస్ ఉందని తేలినంత మాత్రాన టీబీని మరచిపోవడానికి లేదు. సిలికా దెబ్బకు భక్షక కణాలు బలహీనపడతాయి కాబట్టి ఈ రోగులకు క్షయ సోకే ప్రమాదం ఇతరులకన్నా కనీసం మూడు నాలుగు రెట్లు ఎక్కువ. రెండూ కలిసి ఉన్న మనిషిని ఒక్కదాని పేరుతోనే చూడటం వల్ల కలిగే హాని చిన్నది కాదు. అందువల్ల జ్వరం, రాత్రిచెమటలు, కళ్లెలో రక్తం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనబడితే మళ్లీ కళ్లె పరీక్ష చేయించాలి. టీబీ లేదని తేలిన సిలికోసిస్ రోగికి ముందుజాగ్రత్త చికిత్స అవసరమా అని పరీక్షించి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. దాని గురించి ప్రభుత్వ ఆసుపత్రి టీబీ విభాగంలో అడగడం రోగి హక్కు. బీడీ మానడం, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవడం, ఇంట్లో కట్టెల పొయ్యి పొగ తగ్గించడం కూడా అంతే ముఖ్యం.

ఇక ఇంటిలోపలి సంగతి. రోగి పెళ్లయినవాడైతే ఇంట్లో నింద ఎవరి మీద పడుతుందో తెలియనిది కాదు. కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదనే మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. ఆమె ఆ ఇంటికి రాకముందే, అతను పదహారేళ్ల పిల్లవాడిగా డ్రిల్లు పట్టినప్పుడే సిలికా లోపల చేరి ఉంటుంది. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం గట్టిగా, నలుగురిలో చెప్పగలిగితే ఆ అమ్మాయికి జరిగే అన్యాయం ఆగుతుంది, కొడుక్కి సేవచేసే చేతులు రెండు తగ్గకుండా ఉంటాయి. జబ్బు అంటువ్యాధి కాదని కూడా చెప్పాలి. టీబీ తోడైతే తప్ప పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా ఎవరికీ రాదు.

తండ్రి మనసులో గుచ్చుకునేది వేరు. "నేనే తీసుకెళ్లి పనిలో పెట్టాను." వానలు లేని సీమలో వేరుశనగ ఎండిపోయిన ఏడాది, చేతికి వారం వారం కూలి వచ్చే పనికి కొడుకును పంపిన తండ్రి చేసింది నేరం కాదు. దుమ్ము ఎంత ఉందో కొలిచి, తగ్గించి, నిర్ణీత కాలానికొకసారి గని కార్మికులకు వైద్యపరీక్ష జరిపించవలసిన బాధ్యతను చట్టం యజమానిమీద పెట్టింది, తండ్రిమీద పెట్టలేదు. బాధ ఉంటుంది. కానీ లెక్క సరిగా ఉండాలి.

బిడ్డ కళ్లముందు ఉండగానే అతణ్ణి కోల్పోతున్నట్టు తల్లి లోలోపల దుఃఖించడం మొదలుపెడుతుంది. రాకముందే వచ్చే ఈ దుఃఖాన్ని 1944లోనే ఎరిక్ లిండెమన్ అనే మానసిక వైద్యుడు వర్ణించాడు. యుద్ధానికి వెళ్లిన భర్త ఇక రాడనుకుని ముందే ఏడ్చి ముగించిన భార్య, అతను తిరిగి వచ్చాక దగ్గరకు తీసుకోలేకపోవడం ఆయన గమనించాడు. సిలికోసిస్ ఉన్నవాడు పదేళ్లు, ఇరవై ఏళ్లు బతికే అవకాశం ఉంది. అన్నేళ్లూ అతణ్ణి పోతున్నవాడిగా చూస్తే, ఉన్న కాలం కూడా ఎవరికీ మిగలదు. నిద్రపట్టక, తిండి సహించక తల్లి కుంగిపోతే ఆమెకూ సహాయం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

కొడుక్కి జబ్బు పేరు చెప్పకుండా డాక్టరుతో చాటుగా మాట్లాడే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది ప్రేమతోనే చేస్తారు. అయినా అతను ముప్పై ఏళ్ల మనిషి, భర్త, బహుశా తండ్రి. అప్పు తీసుకోవాలా, మళ్లీ ఆ పనికి వెళ్లాలా, పిల్లల చదువు ఎలా అన్నవి అతను నిర్ణయించుకోవలసినవి. పేరు తెలియనివాడు కాస్త నెమ్మదించగానే మళ్లీ క్వారీకి వెళతాడు, దానికన్నా పెద్ద ప్రమాదం లేదు.

ఆయాసం వచ్చినప్పుడు ఇంట్లో అందరూ చుట్టూ మూగి ఏడ్వడం వల్ల అది పెరుగుతుంది. భయం ఊపిరిని వేగం చేస్తుంది, వేగమైన ఊపిరి మళ్లీ భయం పుట్టిస్తుంది. ముందుకు వంగి మోచేతులు మోకాళ్లమీద ఆనించి కూర్చోబెట్టి, ముక్కుతో పీల్చి ఈల వేసేటట్టు పెదవులు బిగించి నెమ్మదిగా వదలమని చెప్పాలి. ముఖానికి చిన్న పంకాతో గాలి విసిరితే ఆయాసపు బాధ తగ్గుతుందని పరీక్షల్లో తేలింది, ముఖంమీది నరాలు ఆ చల్లదనాన్ని మెదడుకు చేరవేస్తాయి. పూర్తిగా మంచాన పడుకోబెట్టడం తప్పు. వైద్యుడు చెప్పిన మేరకు రోజూ నడక, తేలిక కసరత్తు చేసే రోగులకు శక్తి నిలుస్తుంది. పెదవులు నీలమైనా, కూర్చున్నచోటే ఆయాసం తగ్గకపోయినా, ఒకవైపు ఛాతీలో ఉన్నట్టుండి నొప్పి పొడిచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

హిందూపురం, అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రులతో మొదలుపెట్టి, అవసరమైతే బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థకు వెళ్లవచ్చు. ఎక్కడికి వెళ్లినా పాత ఎక్స్‌రేలన్నీ వరుసగా తీసుకెళ్లాలి. ఏళ్ల తరబడి మచ్చలు ఎలా పెరిగాయో పోల్చి చూడటం కొత్త స్కాన్ ఒక్కటే చూడటంకన్నా విలువైనది.

పని పక్క రాష్ట్రంలో చేశాడు, ఇప్పుడెవరిని అడుగుతామని చాలామంది ఊరుకుంటారు. గుజరాత్‌లోని గోధ్రా ప్రాంతపు క్వార్ట్జ్ మిల్లుల్లో పనిచేసి స్వరాష్ట్రం మధ్యప్రదేశ్‌లో మరణించిన 238 మంది కార్మికుల కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయలు చెల్లించాలని 2016లో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. మడకశిరనుంచి కర్ణాటక సరిహద్దు దాటి పనికి వెళ్లే వారికి దీనికన్నా దగ్గరి దృష్టాంతం లేదు. సిలికోసిస్ చట్టంలో పేరున్న వృత్తివ్యాధి. 1923 నాటి పరిహార చట్టంలో ఉండేది, దాని స్థానంలోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. రాజస్థాన్ 2019లో ఈ రోగులకు ప్రత్యేక విధానమే తెచ్చింది. గ్రానైటు మీద ఇంత ఆదాయం చూసే తెలుగు రాష్ట్రాలు అంతటి విధానాన్ని ఎందుకు తేకూడదని అడగడం న్యాయమైన ప్రశ్న.

చివరిగా, ఇంట్లో రెండో కొడుకు ఉంటే అతను ఎక్కడ పనిచేస్తున్నాడో చూడాలి. అన్న ఆదాయం ఆగిన ఇంట్లో తమ్ముడు అదే క్రషర్‌కు వెళ్లడం ఎక్కువగా జరుగుతుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బ్యారీ అనే ఊరు గ్రానైటు పనికి పేరుపొందింది. గాలితో నడిచే పనిముట్లు వచ్చాక అక్కడి శిల్పులు సిలికోసిస్, క్షయలతో పెద్ద సంఖ్యలో మరణించారు. 1930ల చివర షెడ్లలో దుమ్మును పుట్టినచోటే పీల్చే గొట్టాలు అమర్చారు. ఆ తరువాత పనిలో చేరినవారిలో ఈ జబ్బు చాలావరకు తగ్గిపోయింది. రాయి అదే, పని అదే. మన సీమలో నీటికి కరువు కాబట్టి తడి డ్రిల్లింగు కుదరదని క్వారీలవాళ్లు అంటారు. నీళ్లు లేనిచోట డ్రిల్లుకే బిగించే దుమ్ము సేకరణ యంత్రాలున్నాయి. ముక్కుకు కట్టిన తువ్వాలు సన్నటి సిలికాను ఆపదు, ముఖానికి అతుక్కునే ఎన్95 రకం మాస్కు కొంతవరకు ఆపుతుంది. దగ్గు లేకపోయినా తమ్ముడికి ఒక ఎక్స్‌రే తీయించి, దాన్ని అన్న ఎక్స్‌రేల పక్కనే దాచాలి. మేస్త్రీని కలిసి డ్రిల్లుకు నీళ్లు పెడతారా, దుమ్ము యంత్రం పెడతారా అని అడగాలి. రెండూ లేవంటే అతణ్ణి ఆ పని మాన్పించాలి.