టెలిఫోను సంకేతధ్వనులు: యంత్రము వినుట యెట్లు?

తూర్పు కనుమలలోని అరకులోయయు, దాని పొరుగున ఒడిశాలోని కోరాపుట్ జిల్లాయు కొండసీమలు. ఇచ్చట గుట్టపై నిలిచినవానికి మొబైల్ ఫోను పలుకును. గుట్ట దిగి పల్లె చేరగానే అది మూగవోవుట కలదు. ఇట్టి సీమలకు గూడ నేడు యంత్రములు ఫోను చేయుచున్నవి. 2016 జనవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రారంభించిన ‘కిల్కారీ’ పథకము ఇందుకు ఉదాహరణము. మొదటి దశలోనే ఒడిశా అందులో చేరినది. గర్భిణికి నాలుగవ నెల మొదలు బిడ్డకు ఏడాది నిండువరకు, వారమునకొకటి చొప్పున 72 ఆరోగ్యసందేశములను యంత్రమే ఫోను చేసి వినిపించును.

ఇట్టి ఏర్పాటు దేనికైనను ఒక చిక్కు కలదు. అవతల గంట మోగుచున్నదో, వారు వేరొకరితో మాటాడుచున్నారో మనము వినగానే గ్రహింతుము. యంత్రమునకు ఆ సంగతి నేర్పవలెను. అది పొరపడినచో సందేశమంతయు ఎవరును వినకుండనే ముగియును. లెక్కలో మాత్రము ‘అందినది’ అని నమోదగును. టీకా వేయించవలసిన సమయము తల్లికి తెలియదు. ఆమెకు తెలియలేదన్న సంగతి కార్యాలయమునకును తెలియదు.

మన దేశమున ముఖ్యమైన సంకేతధ్వనులు సెకండుకు 400 కంపనములుగల స్వరముతో ఏర్పడినవి. వానిలోని భేదము ప్రధానముగా లయలో నున్నది. గంట మోగుచున్నదని తెలుపు ధ్వని 0.4 సెకండు వినబడి, 0.2 సెకండు ఆగి, మరల 0.4 సెకండు వినబడి, పిమ్మట 2 సెకండ్లు మౌనము వహించును. అవతలివారు సంభాషణలో నున్నచో 0.75 సెకండు ధ్వని, అంతే మౌనము. మార్గములు క్రిక్కిరిసినచో ఒక్కొక్కటి 0.25 సెకండు. అమెరికాలోనో, 440, 480 కంపనముల స్వరములు రెండు కలిపి 2 సెకండ్లు మ్రోగించి 4 సెకండ్లు ఆపుదురు. కనుక ఆ దేశపు లెక్క నేర్చిన యంత్రము ఇచ్చట పనికిరాదు.

యంత్రము టెలిఫోను ధ్వనిని సెకండుకు 8,000 మారులు కొలిచి అంకెలుగా మార్చును. ఆ అంకెలలో 400 కంపనముల స్వరము పాలెంతయో తేల్చుటకు 1958లో గెరాల్డ్ గోర్ట్‌జెల్ ప్రకటించిన గణితపద్ధతి వాడుకలో నున్నది. అన్ని స్వరములను వెదకక, కావలసిన స్వరమునొక్కదానినే తూచుటవలన ఇందులో శ్రమ తక్కువ. ధ్వనిబలములో అధికభాగము ఆ స్వరము చెంతనే కూడియున్నచో అది సంకేతధ్వని; పలు స్వరములలో చెదరియున్నచో మనుష్యుని గొంతో, పాటయో కావలెను. తరువాత ధ్వనియు మౌనమును ఎంతెంతసేపు నిలిచెనో లెక్కించి లయను పట్టుకొనును. గంటధ్వని ఒక చుట్టు పూర్తియగుటకు 3 సెకండ్లు పట్టును. నడుమనున్న మౌనమును విని, ఎవరో ఫోనెత్తిరని తొందరపడరాదు.

అంతటితో కథ ముగియలేదు. అనేకులు గంటధ్వనికి బదులు సినిమాపాటను పెట్టుకొందురు. 2020లో కరోనా హెచ్చరికయే ముందుగా వినబడెడిది. ‘అందుబాటులో లేరు’ అను ప్రకటనయు మనుష్యుని గొంతే. అందుచే యంత్రము మరియొక గుర్తును చూచును. మనుష్యుడు ‘హలో’ యని, జవాబుకై ఆగును. ప్రకటన ఆగక సాగును.

నేటి టెలిఫోను కేంద్రములు ధ్వనితోపాటు వేరొక మార్గమున సంఖ్యలను గూడ పంపును. 17 అనగా సంభాషణలో నున్నారు; 19 అనగా గంట మోగినను ఎత్తలేదు; 20 అనగా ఫోను అందుబాటులో లేదు. ఎత్తిన క్షణమును గూడ ఇట్లే తెలుపును. కాని పాతరకపు తంతిమార్గములకు ఈ సదుపాయము తరచుగా లేదు. అచ్చట వినికిడియే ఆధారము.

కొండసీమలలో 19కిని 20కిని గల భేదము చిన్నది కాదు. మొదటిదానికి చికిత్స పిలుచు వేళను మార్చుట. పొలమునుండి తిరిగివచ్చిన తరువాత ఆ తల్లి ఫోనెత్తవచ్చును. రెండవదియే మాటిమాటికి వచ్చుచున్నచో, ఆ పల్లెకు కావలసినది మరియొక పిలుపు కాదు. ఒక టవరు, లేదా నడచి వచ్చు ఆరోగ్యకార్యకర్త. రెంటిని కలిపి ‘జవాబు లేదు’ అని వ్రాసినచో ఈ సంగతి మరుగుపడును. యంత్రము నిశ్చయింపలేనప్పుడు ‘అందినది’ అనక, ‘మరల పిలువవలెను’ అని వ్రాయుటయే మేలు.