64 వజ్రాలు, ఒక దీవి

పోయిన సెమిస్టర్ సెలవుల్లో మేం ఎనిమిది మందిమి కలిసి మైన్‌క్రాఫ్ట్‌లో ఓ సర్వర్ పెట్టుకున్నాం. చుట్టూ సముద్రం, మధ్యలో బుల్లి దీవి, దాని మీద నాలుగు చెట్లు. సర్వైవల్ మోడ్ కాబట్టి కట్టె కొట్టుకోవాలి, గని తవ్వుకోవాలి, ఆకలేస్తే పండించుకు తినాలి. సర్వర్ నా లాప్‌టాప్‌లో నడిచేది, అందుకని ఆపరేటర్ నేనే. ఆపరేటర్ ఒక్క కమాండ్ కొడితే ఏ వస్తువైనా చేతిలోకి వచ్చేస్తుంది. ఓ రాత్రి లావాలో పడి నా సామానంతా కాలిపోయింది. అందరూ పడుకున్నారు కదా అని 64 వజ్రాలు తెచ్చేసుకున్నా.

వారం తర్వాత మావాడొకడు "ఒకసారి సర్వర్ లాగ్ పెట్టరా" అన్నాడు. ఎవరికి ఏమిచ్చారో అందులో లైను లైనుగా ఉంటుంది. పెట్టక తప్పలేదు.

"ఎవడి వజ్రాలూ తియ్యలేదుగా, నష్టం ఎవరికి?" అని చాలాసేపు వాదించా. జవాబు నాకు తర్వాత దొరికింది, అదీ ఓ నిజం దీవి గురించి చదువుతుంటే.

దాని పేరు ట్రిస్టన్ డా కున్యా. దక్షిణ అట్లాంటిక్‌లో ఉంది. ఉన్నది ఒక్కటే ఊరు, జనం 240 మంది దాకా. విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి దాదాపు 2,800 కిలోమీటర్లు, ఓడలో వారం పట్టొచ్చు. నెపోలియన్‌ని సెయింట్ హెలీనాలో బంధించిన రోజుల్లో, 1816లో, బ్రిటిష్ వాళ్లు ఇక్కడ సైన్యాన్ని దింపారు. మరుసటి ఏడే వెనక్కి పిలిచేశారు. విలియం గ్లాస్ అనే కార్పొరల్ మాత్రం భార్యాపిల్లలతో, ఇంకో ఇద్దరితో అక్కడే ఉండిపోయాడు. ఉండిపోయేముందు వాళ్లు ఓ కాగితం రాసుకున్నారు: సరుకులూ పశువులూ అందరివీ సమానం, ఒకడు ఇంకొకడి మీద పెత్తనం చెయ్యకూడదు.

ఇప్పటికీ అక్కడ భూమి ఉమ్మడిదే. ఒక్కో కుటుంబం ఎన్ని పశువులు, గొర్రెలు పెంచుకోవచ్చో లెక్క ఉంది. గడ్డి మైదానం ఉన్నంతే ఉంటుంది, పెరగదు. ఒకింటి మంద పెరిగితే పక్కింటి మందకి మేత తగ్గుతుంది, వేరే ఊరికి తోలుకెళ్దామంటే వేరే ఊరే లేదు. 1946లో వాళ్ల కోసం వేసిన ఓ నమూనా స్టాంపు మీద వెల ఒక పెన్నీ, లేదా నాలుగు బంగాళాదుంపలు! చిన్నచోట డబ్బు కూడా ఇలాగే ఉంటుంది. అందరూ కష్టపడి తీసిన వస్తువుకే విలువ.

మా సర్వర్లో ఆ దుంపల పాత్ర వజ్రాలది. ఒక వజ్రానికి 20 రొట్టెలు అని మేమే ధర పెట్టుకున్నాం. నేను 64 తేలిగ్గా తెచ్చి ఖర్చు పెట్టేసరికి, గంటలకొద్దీ తవ్వినవాడి వజ్రం, గోధుమలు వేసినవాడి రొట్టె రెండూ వెర్రిబాగులవైపోయాయి. నష్టం ఎవరికంటే అందరికీ.

చిన్న సమూహానికి ఇంకో చిక్కుంది, ఒక్కడు తగ్గినా పెద్ద లోటే. 1885 నవంబరులో, దారిన పోయే ఓడతో సరుకులు మార్చుకుందామని లైఫ్‌బోటులో వెళ్లిన 15 మంది ట్రిస్టన్ మగవాళ్లు తిరిగి రాలేదు. ఉన్నదే వంద మంది దాకా. ఆ తర్వాత మిగిలిన పెద్ద మగవాళ్లు నలుగురు. దానిపక్కన మా ఆటని పెట్టడం సిగ్గుగానే ఉంది. కానీ మా గోధుమలవాడు అలిగి మానేశాక రెండు రోజుల్లో దీవి మీద తిండి అయిపోయిన మాట నిజం.

తేడా కూడా చెప్పాలి. మేం విండో మూసేస్తే చాలు. 1961లో అగ్నిపర్వతం పేలినప్పుడు ట్రిస్టన్ వాళ్లందర్నీ ఇంగ్లండుకి తీసుకెళ్లారు. అక్కడ ఉద్యోగాలు, కరెంటు, టీవీ అన్నీ ఉన్నాయి. 1962లో ఓటు పెడితే తిరిగి వెళ్లిపోతామన్నవాళ్లు 148 మంది, వద్దన్నది ఐదుగురు. 1963లో ఎక్కువమంది వెళ్లిపోయారు కూడా.

నేను వజ్రాలు తీసేసి, సర్వర్ మళ్లీ తెరిచా. ఇప్పుడు లాగ్ రోజూ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఏడుగురిలో ఐదుగురు తిరిగొచ్చారు. గోధుమలవాడు మెసేజ్ చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా రాలేదు. అతని పొలానికి ప్రస్తుతం నేనే నీళ్లు పెడుతున్నా.